నలభై ఒకటో అందమైన మాట

"పిల్లల మనసు కట్టేసిన లేగదూడ. పలుపు విప్పి వదలాలి!" అని పోర్ఫిరా టీచరు ఆరో తరగతిలో ప్రకటించింది. ప్రకటించి, విప్పిన దూడ ఎటు పోవాలో బోర్డు మీద రాసింది. మొదట ఉపోద్ఘాతం, పేజీకి మూడుకు తగ్గకుండా అందమైన మాటలు, చివర మాతృభూమి మీద ప్రేమ.

అందమైన మాటలకు ఆ ఊళ్ళో ప్రతి పిల్లకీ ఒక నోటుబుక్కు ఉంటుంది. టీచరు చెబుతుంది, పిల్లలు నంబరు వేసి రాసుకుంటారు. ఆకులు రాలే కాలం రాగిరంగు గౌను తొడుక్కున్న రాణి, అది ఏడో నంబరు. రాలిన ఆకులు బంగారు తివాచీ, పన్నెండు. అలా మొత్తం నలభై. వాళ్ళ అమ్మల నోటుబుక్కుల్లోనూ ఏడో నంబరు అదే. ముప్ఫై ఏళ్ళుగా ఆ రాణికి, పాపం, ఒకటే గౌను.

ఇలింకాకు ఆ రాణి ఎన్నడూ కనబడలేదు. కనబడింది అమ్మమ్మ సవేటా. అందుకని ఇలా రాసింది: "ఆకులు రాలే కాలంలో మా అమ్మమ్మ పెరట్లో మంట మీద రేకు వేసి, చలికాలం పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాలుస్తుంది. పొగ కళ్ళలో పడ్డప్పుడల్లా చచ్చిపోయిన తాతయ్యను తిడుతుంది, ఇంత చిన్న రేకు తెచ్చి నువ్వు హాయిగా పోయి పడుకున్నావా అని. తిట్టడం అయ్యాక మొదటి మిరపకాయ ఆయన కుర్చీ ముందు పెడుతుంది."

పదికి అయిదొచ్చింది. అందరి కాగితాలూ బడి బయటి గోడపత్రికకు ఎక్కాయి, ఇలింకాది తప్ప. చర్చికి వెళ్ళే దారిలో అమ్మమ్మ దాన్ని చూడాలని ఆ పిల్ల ఆశ.

"అయిదేమిటే? నా తిట్లకే పది రావాలి కదా," అంది సవేటా.

"అందమైన మాటలు లేవట, అమ్మమ్మా."

"మీ తాతతో నలభై ఏళ్ళు కాపురం చేశాను. అందమైన మాట ఒక్కటీ అనుకోలేదు. సంసారం సాగలేదూ?"

తర్వాతి వారం, పిల్లలు స్వేచ్ఛగా రాస్తున్నారో లేదో తనిఖీ చెయ్యడానికి జిల్లా నుంచి ఇన్స్పెక్టరు వచ్చాడు. ఆరుగురు పిల్లలు ఆయన ముందు వరసగా బంగారు తివాచీ పరిచారు. ఆరో తివాచీ మీద ఆయనకు కునుకు పట్టింది.

"ఇంకెవరూ లేరా?" అన్నాడు ఉలిక్కిపడి.

"ఒకతె ఉందండీ. కానీ ఇంకా నేర్చుకుంటోంది."

"చదవనివ్వండి."

ఇలింకా చదివింది. తిట్ల దగ్గర ఆయన నవ్వాడు, కుర్చీ దగ్గర చేతిరుమాలు తీశాడు. "టీచరు గారూ, సొంత గొంతంటే ఇదీ. పిల్లలందరూ ఇలా రాయాలి," అని సెలవు తీసుకున్నాడు.

పోర్ఫిరా టీచరు పైవాళ్ళ మాట జవదాటే మనిషి కాదు. మర్నాడే, "నోటుబుక్కులు తీయండి. నలభై ఒకటి," అని ఇలింకా రాసిందంతా అందరికీ చెప్పి రాయించింది. గోడకు మాత్రం ఎక్కించలేదు. అందరి పుస్తకాల్లోనూ ఉందిగా, ఇంక గోడెందుకు అంది.

మరుసటి ఏడు అవ్వాతాతల్ని పిలిచి సభ పెట్టారు. ఒంట్లో నలతగా ఉండి సవేటా వెళ్ళలేదు. పిల్ల తర్వాత పిల్ల లేచి చదివింది. అందరి అమ్మమ్మలూ పెరట్లో రేకు వేశారు, పట్నంలో నాలుగో అంతస్తులో ఉండే ఆవిడతో సహా. అందరి తాతలూ పోయారు. ముందు వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సాండు తాత తన కుర్చీ వైపోసారి చూసుకున్నాడు.

"నేనెప్పుడు పోయానే, సోరినా?"

"ఊరుకో తాతయ్యా, పదికి పదొచ్చింది."

ఇలింకా మాత్రం ఇలా రాసింది: "ఈ ఏడు రేకు వెయ్యలేదు. అమ్మమ్మ చెయ్యి వణుకుతోంది. కొట్లో పచ్చడి సీసా కొన్నాం. ఒక చెంచా తిని, అమ్మమ్మ ఎవర్నీ తిట్టలేదు. నాకు భయమేసింది."

కింద ఎర్ర సిరాతో టీచరు రాసింది: "నాలుగు. సొంత గొంతు లేదు. నలభై ఒకటో నంబరు చూసి రాయాలి."

సవేటా కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివింది. నలభై ఒకటో నంబరు ఏమిటో అడిగి తెలుసుకుంది. మెల్లగా లేచి నిలబడింది.

"ఊరందరికీ నా మొగుడే కావలసొచ్చాడటే? తిట్టుకోవడానికి ఆ టీచరమ్మకి సొంత మొగుడు లేడూ?"

ఇంకా ఏమేమో అంది, ఏ నోటుబుక్కులోనూ ఎక్కనివి. ఇలింకా ప్రాణం కుదుటపడి, రేకు తేవడానికి పెరట్లోకి పరుగెత్తింది.