టిక్కు విచారణ సంఘం

బటన్ నొక్కితే మోటార్‌సైకిల్ 'టిక్' మని ఊరుకోవడం యంత్రలోపం కాదు. అది సభ ప్రారంభమైందనే ప్రకటన. ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీలో మా వీధి రాజ్యాంగం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. గరాజ్ షట్టరు నడుము దాకా ఎత్తితే లోపల మనిషి ఉన్నాడని అర్థం. పూర్తిగా ఎత్తితే చెడిపోయిన బండి ఉందని అర్థం. వచ్చేవాళ్లు తమ మడత కుర్చీ, తమ బీరు తామే తెచ్చుకోవాలి. (అభిప్రాయాలు ఉచితం.)

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేను షట్టరు పూర్తిగా ఎత్తాను. మూడింటికి పోర్ట్ అగస్టాలో నా మనవరాలి మొదటి పుట్టినరోజు. తొంభై కిలోమీటర్లు. కారు అమ్మేసి నాలుగేళ్లయింది. మా అమ్మాయి టామ్సిన్ ముందురోజే ఫోన్‌లో హెచ్చరించింది. "నాన్నా, క్రిస్మస్‌కీ బండి మొరాయించిందనే అన్నావు. ఈసారి బండి పేరెత్తావంటే ఊరుకోను."

తొమ్మిదీ పదికల్లా కోరం పూర్తయింది. అధ్యక్షుడు ఎదురింటి నెవిల్. సభ్యుడు చేపల పడవ సావెరియో. నియమావళి ప్రకారం ప్రతి సభ్యుడూ గతంలో తన బండికి వచ్చిన జబ్బునే ఎదుటివాడి బండిలో కనిపెట్టాలి.

"బ్యాటరీ పోయిందిరా క్లైవ్," అన్నాడు నెవిల్, ఇంకా కూర్చోకుండానే.

మీటరు పెట్టి చూశాం. పన్నెండున్నర వోల్టులు.

"మీటరు పోయింది," అన్నాడు.

"రిలే అది. ఆ టిక్కు వినపడట్లా? నా పడవకీ ఇదే వచ్చింది," అని సావెరియో స్టార్టరుకి కరెంటు పంపే ఆ రిలే రెండు కొసలూ స్క్రూడ్రైవరుతో కలిపాడు. నిప్పురవ్వలు లేచాయి. అతని కనుబొమ ఒకటి సగమైంది. బండి కదల్లేదు.

"ఇప్పుడు ఖాయమైంది," అన్నాడు.

తర్వాత స్టార్టరు మోటారు ఊడదీసి నేరుగా బ్యాటరీకి తగిలించాం. గిర్రున తిరిగింది. సంఘం దాన్ని అనుమానితుల జాబితాలోనే ఉంచింది. మాన్యువల్ అల్మరాలో ఉంది కానీ, సభ నడుస్తుండగా దాన్ని తెరవడం సభాధిక్కారం.

ఒకటిన్నరకి నెవిల్ లేచాడు. "అగస్టా పోవాలి. మా చెల్లెలి పాత ఫ్రిజ్ తెచ్చుకోవాలి."

మా వీధిలో అన్నిటికంటే కఠినమైన నిబంధన ఒకటుంది. విప్పిన బండి పక్కన నిలబడ్డవాణ్ణి 'నాతో రా' అని పిలవకూడదు. పిలిస్తే వాడి బండి చచ్చిందని మొహం మీద చెప్పినట్టు. వాడే 'నన్నూ తీసుకుపో' అని అడిగినా, చచ్చిందని ఒప్పుకున్నట్టే. నెవిల్ నా బండి వైపు చూశాడు. నేను గేటు ముందున్న నెవిల్ యూట్ వైపు చూశాను. వెనక సామాన్ల తొట్టి, ముందు డ్రైవరు పోను నాలుగు సీట్లు.

"ఇంకో పది నిమిషాల్లో అయిపోద్దిలే నీది," అన్నాడు.

"అంతేగా. దారిలో నిన్ను దాటేస్తా చూడు," అన్నాను.

అన్న మరుక్షణం నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది. కానీ సావెరియో చూస్తున్నాడు.

మోటారు మళ్లీ బిగించేసరికి నాలుగున్నర. సావెరియో బాత్రూముకి వెళ్లిన రెండు నిమిషాల్లో దొంగతనంగా మాన్యువల్ తెరిచాను. మొదటి పేజీ, మొదటి వాక్యం: ముందుగా ఎర్త్ తీగ బిగువు చూడండి. వదులుగానే ఉంది. తుప్పు గీకి, బోల్టు బిగించాను. ఒక్క నొక్కుకే బండి అందుకుంది.

సావెరియో ప్యాంటు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "చెప్పానా, రిలే అని."

అప్పుడే టామ్సిన్ ఫోన్ చేసింది.

"నెవిల్ వచ్చాడు నాన్నా. నువ్వు వెనకాలే వస్తున్నావని చెప్పాడు. ముప్పావుగంట చూసి కేకు కోసేశాం. బండి బాగైందా?"

"బాగైందమ్మా."

"సరే," అని పెట్టేసింది.

చాలా సిగ్గేసింది. సంఘం మాత్రం విచారణ విజయవంతంగా ముగిసిందని తీర్మానించి, ఇంకో సీసా తెరిచింది. చీకటి పడేవేళకి నెవిల్ తిరిగొచ్చాడు. నాకో కేకు ముక్క తెచ్చాడు. దారిలో కదలకుండా పక్క సీట్లో పెట్టి, బెల్టు కూడా కట్టాడు.