పన్నెండు అంగుళాల మర్యాద

ముప్పై రెండు వాటాలున్న ఆ నాలుగంతస్తుల భవనంలో వరుసగా మూడు నెలల పాటు ఒక్క తగువు కూడా నమోదు కాలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బండి అడ్డంగా పెట్టావని ఎవరూ ఎవరినీ అనలేదు. పైవాటా కుండీలోని బురదనీళ్ళు కిందివాటా బట్టల మీద పడితే, కిందివాళ్ళే మెట్లెక్కి వెళ్ళి, "మా బట్టలు మీ నీళ్ళకి అడ్డొచ్చాయండీ, ఏమీ అనుకోకండి" అని చెప్పి వచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. నడుముకి కాస్త బరువు తగిలిస్తే నోరు దానంతటదే మంచిదవుతుందని మాత్రం ఏ పెద్దా చెప్పి పోలేదు. ఆ సంగతి కనిపెట్టిన ఘనత మూడో అంతస్తు గోదాం బాబాయికి దక్కుతుంది.

బాబాయి పంపుల విడిభాగాల గోదాంలో ఇరవై ఆరేళ్ళుగా స్టోరు కీపరు. డాక్టరు నాడి పట్టుకుని చూసినట్టు, ఆయన మోటారు మోత విని రోగం చెప్పేస్తారు. ఆయన చేతిలోంచి పోని వాషరు లేదు, ఆయనకి పేరు తెలియని నట్టు లేదు. లేనిదల్లా ఒక్కటే, ఆయన మాట వినే మనిషి. ఆయన నోరు తెరిస్తే అవతలివాళ్ళకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. పొయ్యి లేని చోటయితే ఫోను మోగుతుంది. ఫోను కూడా లేనివాళ్ళు, అది ఇంట్లో మరిచిపోయామని గుర్తొచ్చి లేచిపోతారు.

అలాంటి మనిషి ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ, కింద నుంచి వస్తున్న మోటారు మోత విని బ్రష్షు ఆపేశారు. నురగ నోటితోనే అధ్యక్షులవారి తలుపు తట్టారు. అధ్యక్షులవారు ఏదో ఆఫీసులో పెద్ద అధికారిగా పనిచేసి దిగిపోయారు. ఆఫీసులోంచి దిగారు గానీ కుర్చీలోంచి దిగలేదు. భవనం సంఘానికి తొమ్మిదేళ్ళుగా ఆయనే అధ్యక్షులు.

"సంపులో ఫుట్ వాల్వు పోయిందండీ," అన్నారు బాబాయి. "పైపులో నీళ్ళు వెనక్కి జారిపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే మోటారు ఒట్టిగా తిరిగి తిరిగి కాలిపోతుంది. చిన్న వాల్వండీ. మార్చేస్తే సరి."

"చూద్దాం లెండి," అన్నారు అధ్యక్షులవారు. తొమ్మిదేళ్ళ పాలన అంతా ఆ రెండు మాటల మీదే నడిచింది.

బాబాయి మరో రెండుసార్లు చెప్పారు. మరో రెండుసార్లు చూద్దామన్నారు. ఇంటికొచ్చి పిన్నిగారికి చెబితే, ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, "మీరు చెప్పే తీరులో లోపం ఉందండీ. గోడకి చెప్పినట్టు చెబుతారు. అందుకే గోడల్లా వింటున్నారు," అంది.

చెప్పే తీరు నేర్చుకుందామని బాబాయి ఫోనులో వెతికారు. అక్కడ ఒక గడ్డపాయన అడవిలో మోకాలి లోతు బురదలో నిలబడి, చేతిలో మూరెడు కత్తితో, "కత్తి లేని మగాడు గొడుగు లేని వానాకాలం లాంటివాడు" అంటున్నాడు. దాని అర్థం బాబాయికి తెలియలేదు. చెప్పినవాడికీ తెలిసి ఉండదు. కానీ ఆ వీడియో చూసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, ఒక్కడూ కాదనలేదు. ఆ మాట బాబాయి గుండెకి తగిలింది. మర్నాడే కత్తికి ఆర్డరు పెట్టారు.

పన్నెండు అంగుళాల అడవి కత్తి. దీనితో చెట్టు కొట్టవచ్చును, గుడిసె కట్టవచ్చును, ఎలుగుబంటి చర్మం ఒలవవచ్చును అని పెట్టె మీద రాసి ఉంది. ఆ భవనంలో ఉన్న చెట్టు ఒక్కటే, అదీ కుండీలో. దాని ఆకు తుంచరాదని సంఘం బోర్డు కూడా ఉంది. ఎలుగుబంటి విషయానికొస్తే, రెండో అంతస్తు లెక్కల మాస్టారు చొక్కా విప్పి బాల్కనీలో నిలబడడం మినహా వేరే దాఖలాలు లేవు. పార్సిలు గట్టిగా టేపు చుట్టి వచ్చింది. దాన్ని విప్పడానికి పిన్నిగారి కూరగాయల చాకు కావలసి వచ్చింది.

"ఇంతకీ దీంతో ఏం కోస్తారు?" అని అడిగింది పిన్నిగారు.

"కొయ్యడానికి కాదే. కోస్తే పదును పోదూ?"

ఇది వినడానికి వింతగా ఉన్నా, పెద్ద కత్తుల లోకంలో మొదటి సూత్రం ఇదేనని పాఠకులు గమనించాలి.

మర్నాడు ఆదివారం. బాబాయి కత్తిని తోలు ఒరలో పెట్టి, బెల్టుకి తగిలించి, పార్కుకి నడకకి బయల్దేరారు. ప్రకృతి ఒడిలో కత్తి తప్పనిసరి అని గడ్డపాయన చెప్పి ఉన్నాడు. పార్కులో ప్రకృతి అంటే నాలుగు సిమెంటు బెంచీలు, ఒక పాడైపోయిన జారుడుబల్ల. అయితేనేం, ఫలితం మాత్రం అక్కడికక్కడే దక్కింది. ఎప్పుడూ బెంచీ నిండా కాళ్ళు చాపుకునే ఇద్దరు లేచి నిలబడి, "రండి బాబాయిగారూ, కూర్చోండి" అన్నారు. బాబాయి పన్నెండేళ్ళుగా చెబుతున్న జోకు ఒకటుంది. ఆ రోజు మొదటిసారి చివరిదాకా చెప్పగలిగారు. చివరికి రాకముందే వాళ్ళు నవ్వేశారు. దారిలో క్షౌరశాలకి వెళితే, బార్బరు దువ్వెన పట్టుకుని, "జుట్టు ఇలాగే బాగుందండీ, ముట్టుకోవడం దేనికి?" అన్నాడు. సోమవారం గోదాంలో మేనేజరు, ఒక పూట సెలవడిగితే మూడు కారణాలు అడిగే మనిషి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, "రెండు రోజులేం సరిపోతాయి, వారం తీసుకోండి" అన్నాడు.

బాబాయి ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డారు. "చూశావా! నా మాటలో పదును వచ్చింది."

"మాటలో కాదు, మొలలో వచ్చింది," అంది పిన్నిగారు.

మంచి అలవాటు అంటువ్యాధి లాంటిది. బాబాయికి లిఫ్టులో దారిస్తున్నారని చూసి లెక్కల మాస్టారు పద్నాలుగు అంగుళాలది తెప్పించారు. రెండు అంగుళాలు ఎక్కువెందుకని అడిగితే, భద్రత కోసమన్నారు. ఎవరి నుంచి భద్రత అంటే, పన్నెండు అంగుళాలవాళ్ళ నుంచి అన్నారు. లెక్క సరిపోయింది. పళ్ళ డాక్టరు పిడికి పూసలున్నది కొన్నారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకే ఒరలో రెండు పట్టేలా జత కత్తులు కొన్నారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతను తోలు కంపెనీవాళ్ళు ఆ విధంగా రద్దు చేశారు. చివరికి అధ్యక్షులవారు, పదవికి తగ్గట్టు, పదహారు అంగుళాలది ధరించారు. ఆయన పొట్టిమనిషి. మెట్లెక్కుతుంటే ఒర మెట్టుమెట్టుకీ టంగుటంగుమని తగిలేది. ఆ చప్పుడు వినగానే భవనమంతా ఆయనతో ఏకీభవించడం మొదలుపెట్టేది.

చిన్నచిన్న ఇబ్బందులు లేకపోలేదు. ప్యాంట్లు జారిపోతున్నాయని కొందరు బెల్టు మీద బెల్టు పెట్టుకున్నారు. సోఫాలకు చిల్లులు పడ్డాయి. లిఫ్టులో ఒకేసారి ఇద్దరు వెనక్కి తిరిగితే ప్రమాదమని, 'కత్తి గలవారు లిఫ్టులో తిరగరాదు, ఎక్కిన వైపే దిగవలెను' అని నోటీసు అంటించారు. ఆ లిఫ్టుకి ఒకటే తలుపు. కాబట్టి అందరూ లోపలికి వెనక్కి నడుచుకుంటూ ఎక్కడం అలవాటు చేసుకున్నారు. కూరలు మాత్రం ఇంటింటా పాత చాకులతోనే తరిగారు.

ఒక సెలవు రోజు పంతొమ్మిది మంది పంతొమ్మిది కత్తులతో ఊరిబయట గుట్టకి విహారానికి వెళ్ళారు. మధ్యాహ్నానికి ఆకలేసి బ్రెడ్డు ప్యాకెట్టు తీశారు. పైకవరు గట్టిగా ఉంది. "మీరు కొయ్యండి" అంటే "అయ్యో, మీరుండగానా" అని పంతొమ్మిది మందీ ఒకరినొకరు గౌరవించుకున్నారు. అరగంట తరవాత పళ్ళ డాక్టరుగారు దాన్ని పళ్ళతో చింపారు.

ఈలోగా మోటారు దగ్గడం మొదలుపెట్టింది. ట్యాంకు సగమే నిండుతోంది. సంఘం సమావేశం పెట్టారు. బాబాయి ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నారు. కత్తి కొన్నదే ఆ వాల్వు కోసం. తెల్లచొక్కా వేసుకుని, ఒర సర్దుకుని, లేచి నిలబడ్డారు.

"అయ్యా, ఫుట్ వాల్వు మార్చాలి. మార్చకపోతే వారంలో మోటారు కాలిపోతుంది."

"అక్షర సత్యం!" అన్నారు లెక్కల మాస్టారు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అన్నారు పళ్ళ డాక్టరు. చప్పట్లు మారుమోగాయి. తీర్మానం ఏకగ్రీవం. బాబాయి కళ్ళు చెమర్చాయి. ఇరవై ఆరేళ్ళ జ్ఞానానికి ఇవాళ చెవులు మొలిచాయి.

అప్పుడు అధ్యక్షులవారు లేచారు. ఒర కుర్చీకి తగిలి టంగుమంది.

"సోదర సభ్యులారా! వాల్వు అనేది చిన్న విషయం. చిన్న విషయాల గురించి ఆలోచించేవాళ్ళు చిన్నగానే మిగిలిపోతారు. నా దీర్ఘ పరిపాలనానుభవంతో చెబుతున్నాను, లోపం ట్యాంకులో ఉంది. ట్యాంకు పాతబడి, చూడ్డానికి దిగులుగా ఉంది. దిగులుగా ఉన్న ట్యాంకులోకి నీళ్ళు ఉత్సాహంగా ఎలా ఎక్కుతాయి? నీలం రంగు వేద్దాం!"

"అక్షర సత్యం!" అన్నారు లెక్కల మాస్టారు. చప్పట్లు మళ్ళీ మారుమోగాయి. వాల్వు మార్చాలన్న తీర్మానమూ, వాల్వు జోలికి పోరాదన్న తీర్మానమూ ఒకే కాగితం మీద ఏకగ్రీవంగా చేరాయి. రంగుకి అనుకూలురు చేతులెత్తండి అన్నారు. ముప్పై ఒక్క చేతులు లేచాయి. అధ్యక్షులవారు బాబాయి వైపు చూశారు. బాబాయి పదహారు అంగుళాల వైపు చూశారు. ముప్పై రెండో చెయ్యి కూడా లేచింది.

ట్యాంకు నీలంగా తయారైంది. ఎంత నీలమంటే, పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి ఫొటోలు తీసుకున్నారు. అయిదో రోజు పొద్దున మోటారు ఒకసారి గట్టిగా అరిచి, పొగ వదిలి, ఊరుకుంది. ముప్పై రెండు వాటాల్లో సబ్బు రాసుకున్నవాళ్ళు రాసుకున్నట్టే నిలబడిపోయారు.

అయినా తగువు నమోదు కాలేదు. "తప్పు మాదే అయ్యుంటుంది", "అబ్బే, మాదేనండీ" అనుకుంటూ అందరూ సంపు చుట్టూ మర్యాదగా నిలబడ్డారు. పిన్నిగారు రెండు ఖాళీ బకెట్లతో దిగి వచ్చింది. ఆవిడ నడుముకి కొంగు తప్ప ఏమీ లేదు.

"ఏమండీ! పుట్టెడు వాల్వులు చేతులతో మోసిన మనిషి, ట్యాంకుకి రంగేస్తే నీళ్ళొస్తాయంటే చెయ్యెత్తుతారా?"

బాబాయి గొంతు తగ్గించారు. "ఆయనది పదహారు అంగుళాలు కదే..."

"అయితే? నాలుగంగుళాలకి మీ ఇరవై ఆరేళ్ళు అమ్మేసుకున్నారా? వీళ్ళంతా మీ మాట విన్నారని మురిసిపోయారు. విన్నది మిమ్మల్ని కాదు. వాళ్ళయినా నయం, మీ కత్తి చూసి తలూపారు. మీరు మీ వాల్వునే కాదన్నారు. ఇదిగో అధ్యక్షులవారూ, మీకూ చెబుతున్నా. నీళ్ళకి కళ్ళుండవు, రంగు చూసి ఎక్కడానికి!"

మూడు నెలల తరవాత ఆ ఆవరణలో ఒక మనిషి ఇంకో మనిషిని కాదనడం అదే మొదలు. అలవాటు తప్పిపోవడం వల్ల కొందరికి కళ్ళు తిరిగాయి.

బాబాయి సంపు గట్టు దగ్గరికి నడిచారు. బెల్టు విప్పి, కత్తి గట్టు మీద పెట్టి, ప్యాంటు మడిచి సంపులోకి దిగారు. పాత రబ్బరు పైపు గట్టిపడి వాల్వుకి అతుక్కుపోయింది. కొయ్యాలి. కత్తి అడిగారు. గట్టు మీద నిలబడ్డ పెద్దమనుషులంతా ఒర మీద చెయ్యి వేసుకుని ఆకాశం కేసి చూశారు. పదును పోదూ? చివరికి ఆయన కత్తే అందించారు. ఆ ఇరుకులో పన్నెండు అంగుళాలు అడ్డం తిరగలేదు, నిలువూ తిరగలేదు. పిన్నిగారు పైకి వెళ్ళి కూరగాయల చాకు తెచ్చి వంగి ఇచ్చింది. నాలుగు కోతలకి పైపు ఊడింది. కొత్త వాల్వు గోదాం నుంచి వచ్చింది. మెకానిక్కు మోటారుకి వైండింగు చేసి తెచ్చాడు. మూడో రోజుకి ట్యాంకు పొంగి పొర్లింది.

పై ఆదివారం బాబాయికి సన్మానం. ఇంతకాలం ఎదురుచూసిన రోజు.

"మన భవనానికి నీళ్ళు తెచ్చిన శక్తి ఏది?" అని గర్జించారు అధ్యక్షులవారు. "కత్తి! కత్తి ధరించిన మనిషి తెగువ! ఆ తెగువకు గుర్తుగా, సంఘం తరఫున, పద్దెనిమిది అంగుళాల ఈ మహా ఖడ్గం!"

బాబాయి లేచి, "కత్తి కాదండీ, వాల్వు..." అన్నారు. ఎవరికో పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఎవరిదో ఫోను మోగింది. ఆయన టేబులు మీదున్న పద్దెనిమిది అంగుళాలనీ చేతిలోకి తీసుకుని, అదే మాట మళ్ళీ అన్నారు. "కత్తి కాదండీ. వాల్వు."

"వాల్వే! వాల్వే!" హాలు దద్దరిల్లింది. అధ్యక్షులవారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

బాబాయి ముఖం వెలిగిపోయింది. అది చూసి పిన్నిగారు చప్పట్లు కొట్టలేదు. చప్పుడు చెయ్యకుండా లేచి ఇంటికి వెళ్ళి, కుళాయి తిప్పి, రెండు బకెట్లూ, డ్రమ్మూ, చివరికి చెంబులతో సహా నింపి పెట్టుకుంది.

ఆ భవనం ఎక్కడుందని మమ్మల్ని అడగకండి. మీ ఇంట్లో బకెట్లు నిండుగా ఉన్నాయో లేదో చూసుకోండి, చాలు.