మేలుకున్న పిల్లలకే నిద్ర

ఐదేళ్ల లోపు పిల్లలందరూ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు గంటల వరకు నిద్రపోవలెనని మా ఊరి వినోదవనం యాజమాన్యం ఈ వేసవిలో తీర్మానించింది. తీర్మానం ఏకగ్రీవం. పిల్లలను అడగలేదు కాబట్టి ఏకగ్రీవం కాక మరేమవుతుంది?

కారణం లేకపోలేదు. కిందటి నెల మిట్టమధ్యాహ్నం రంగులరాట్నం గుర్రం మీద ఒక పసివాడు సొమ్మసిల్లాడు. రాట్నం వెంటనే ఆగలేదు. టికెట్ మీద మూడు చుట్లని రాసి ఉంది. మా యాజమాన్యం ఆడినమాట తప్పదు. మూడు చుట్లూ తిప్పి, ఆపి, పిల్లవాణ్ణి దింపి, మర్నాడే ఒక సంఘం వేశారు.

సంఘంలో ఐదుగురు సభ్యులు. పిల్లల్ని పెంచినవాళ్లకు పిల్లల గురించి ముందే కొన్ని అభిప్రాయాలుంటాయి, నిష్పాక్షికంగా ఆలోచించలేరు. అందుకని అలాంటివారిని ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. అధ్యక్షుడైన జనరల్ మేనేజరుకు ఇద్దరు పిల్లలున్నారని ఎవరో ఆక్షేపించారు. పెంచింది తాను కాదనీ, తన భార్య అనీ ఆయన రాతపూర్వకంగా తెలియజేయడంతో ఆ ఆక్షేపణ వీగిపోయింది.

ఆరు మధ్యాహ్నాలు చల్లటి గదిలో తలుపులు మూసుకుని చర్చించారు. మూడోనాడు భోజనాలయ్యాక ఇద్దరు సభ్యులు కుర్చీల్లోనే గురకపెట్టారు. దాన్ని నివేదికలో ‘ప్రత్యక్ష అధ్యయనం’ శీర్షిక కింద చేర్చారు.

అయిదోనాడు ఒక ప్రమాదం జరిగింది. మంచినీళ్ల సీసాలు పెట్టడానికి లోపలికొచ్చిన ఊడ్చే ఆవిడ, పెట్టి ఊరుకోకుండా నోరు విప్పింది.

“దీనికింత ఆలోచనెందుకండీ? నీడలో నాలుగు చాపలేసి, ఆ మైకులు ఆపేయండి. పిల్లలే పడుకుంటారు.”

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఐదు రోజుల చర్చ నాలుగు ముక్కల్లో తేలిపోయే పరిస్థితి! జనరల్ మేనేజరు గొంతు సవరించుకుని, సదరు సూచనలో ప్రణాళిక లోపించినదని రాయించి గండం గట్టెక్కించారు. మర్నాడు నీళ్ల సీసాలు సమావేశానికి ముందే పెట్టించారు.

ఆ విధంగా విశ్రాంతి మందిరం వెలిసింది.

స్థలం ఎంపికలో దూరదృష్టి కనబడుతుంది. గుండెలు జారే రైలుబండికీ, ఢీకొట్టుకునే కార్లకూ మధ్య ఒక ఖాళీ జాగా ఉంది. ఆ మోతకు అక్కడ ఎవరూ నిలబడలేకపోబట్టే అది ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంది కాబట్టి అక్కడే కట్టారు. పరుపులా, చాపలా అన్న చర్చ రాగా, ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదని పెద్దలు ఎప్పుడో చెప్పారని ఒక సభ్యుడు గుర్తుచేశారు. పెద్దల మాట మీద గౌరవంతో ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. జోలపాట లేకుండా పిల్లలెలా పడుకుంటారు? రైలుబండి మోతలో జోలపాట వినబడాలంటే మామూలు గొంతు చాలదు. నాలుగు మూలలా నాలుగు పెద్ద స్పీకర్లు పెట్టారు. జోకొట్టడానికి ఏనుగు వేషం వేసిన మనిషిని నియమించారు. చిన్నపిల్లలు ఆ ఏనుగును చూసి కెవ్వుమన్నప్పుడల్లా స్పీకర్ల శబ్దం కాస్త పెంచేవారు.

అన్నిటికంటే మెచ్చుకోదగ్గది నిద్ర తనిఖీ. పిల్లలు నిద్రపోయారని రుజువేమిటి? తనిఖీ అధికారి పదినిమిషాలకోసారి కుర్చీ కుర్చీకీ వెళ్లి, భుజం తట్టి, “నిద్రపోతున్నావా?” అని అడుగుతాడు. “ఆ” అన్నవాళ్లు నిద్రపోయినట్టు. జవాబు చెప్పనివాళ్ల పేరుకెదురుగా ‘సహకరించలేదు’ అని రాస్తాడు. మొదటి వారం రెండువందల పద్నాలుగు మంది పిల్లలు నిద్రపోయినట్టు స్వయంగా ఒప్పుకున్నారు. ముగ్గురు మాత్రమే సహకరించలేదు. ఆ ముగ్గురి తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్లాయి.

ఇక ఆ ఆదివారం సంగతికి వస్తాను.

గేటు తెరిచే వేళకు ఒక కుటుంబం లోపలికొచ్చింది. తండ్రి, తల్లి, అమ్మమ్మ, మూడేళ్ల చిట్టి. తండ్రి వంతెనలు కట్టే కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. ఆయన మెడలో ప్లాస్టిక్ కవరులో భద్రపరిచిన ఒక కాగితం వేలాడుతోంది. అందులో చిట్టి దినచర్య అంతా నాలుగు రంగుల్లో గీసి ఉంది. ఎరుపు ఆటలు. పసుపు తిండి. నీలం నిద్ర, పన్నెండు నలభై నుంచి ఒకటీ ఇరవై అయిదు వరకు. ఆకుపచ్చ అంటే పూర్తయిన పని. ఆయన కట్టిన వంతెన ఏదీ ఇంతవరకు గడువులోగా పూర్తికాలేదు. ఆ వెలితి ఇక్కడ తీర్చుకుంటున్నారు.

పన్నెండు గంటల ఇరవై రెండు నిమిషాలు. చిట్టి మొదటిసారి కళ్లు నులుముకుంది.

అమ్మమ్మ వెంటనే చూసింది. “అల్లుడుగారూ, పిల్లకి నిద్రొస్తోంది. ఆ గోడవార నీడుంది. ఒళ్లో వేసుకుని కూచుంటాను.”

“ఇంకా పద్దెనిమిది నిమిషాలుందండీ అత్తయ్యగారూ. పైగా మనకి టోకెన్ కూడా తీసుకున్నాను. నూట పన్నెండు.”

“టోకెన్ నిద్రపోతుందా బాబూ?”

అల్లుడికి ఆ ప్రశ్న వినబడలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయనకు ఆ వైపు చెవి కొంచెం మందం.

విశ్రాంతి మందిరం ముందు వరుస బారుగా ఉంది. నీడ మందిరం లోపల ఉండటం వల్ల వరుస ఎండలో ఉంది. నిలబడ్డవారికి పొద్దుపోవడానికి నాలుగు పేజీల దరఖాస్తు ఇచ్చారు. ‘బిడ్డ నిద్రపోవుటకు గల కారణము’ అన్నచోట తండ్రి ‘వయస్సు’ అని రాశారు. ‘గతంలో నిద్రపోయిన అనుభవము కలదా?’ అన్నచోట ఆలోచించి, “ఏమేవ్, పుట్టినప్పటి నుంచా, లేక మన ఇంటికొచ్చినప్పటి నుంచా?” అని భార్యనడిగారు.

“ఏదో ఒకటి రాయండి! పిల్ల వాలిపోతోంది,” అందామె.

నిజంగానే వాలిపోతోంది. పొద్దున్నుంచి కనబడిందల్లా కావాలని గోలచేసిన పిల్ల అరగంటగా ఏమీ అడగడం లేదు. నీళ్లు కూడా అడగడం లేదు. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. అమ్మమ్మ నుదుటి మీద చెయ్యివేసి చటుక్కున తీసింది. “ఒళ్లు కాలిపోతోందే అమ్మాయ్!”

“అమ్మమ్మా, ఎత్తుకో,” అంది చిట్టి. ఆ మధ్యాహ్నం మొత్తానికి తెలివైన మాట అదొక్కటే.

ఒకటీ ఎనిమిదికి చిట్టి అమ్మమ్మ భుజం మీద నిద్రపోయింది. స్పీకర్లు లేవు, ఏనుగు లేదు, దరఖాస్తు మూడో పేజీ ఇంకా నింపనేలేదు.

ఒకటీ ఇరవై ఒకటి. కౌంటరు వచ్చింది.

“పాప పేరు?” అన్నాడు గుమాస్తా.

తండ్రి చెప్పారు.

“మీరు కాదు సార్. పాప చెప్పాలి.”

“పాప నిద్రపోతోందండీ.”

గుమాస్తా తలెత్తి ఎగాదిగా చూశాడు. “నిద్రపోతుంటే మరి ఇక్కడికెందుకొచ్చారు?”

“నిద్రపుచ్చడానికి.”

“మేలుకున్న పిల్లల్నే నిద్రపుచ్చుతాం సార్. నాలుగో నిబంధన. నిద్రపోయేవాళ్లని లోపలేసుకుని మేమేం చెయ్యాలి?”

తర్కంలో లోపం లేదు. ఇంజనీరు కాబట్టి తండ్రికి వెంటనే బోధపడింది. మెడలోని కాగితం చూసుకున్నారు. నీలం గడిలో నాలుగు నిమిషాలే మిగిలాయి. కూతురి బుగ్గ తట్టారు. “చిట్టీ! లే నాన్నా, లే! లేస్తే హాయిగా పడుకోవచ్చు!”

“త్వరగా లేపండి సార్,” అన్నాడు వెనకనున్నాయన. “మావాడు కూడా పడుకునేలా ఉన్నాడు!”

అప్పుడు గమనించింది అమ్మమ్మ. వరుసంతా అదే హడావిడి. తల్లులు పిల్లల మొహాన నీళ్లు చిలకరిస్తున్నారు. తండ్రులు చప్పట్లు కొడుతున్నారు. ఒకాయన కొడుకుని చంకలు పట్టుకుని ఎగరేస్తున్నాడు. లోపలికి వెళ్లి నిద్రపోవాలంటే అప్పటిదాకా నిద్రపోకూడదు మరి. కుంభకర్ణుణ్ణి లేపడానికి కూడా ఇంతమంది ఒకేసారి పూనుకుని ఉండరు.

చిట్టి తల్లి నీళ్ల సీసా మూత తిప్పుతోంది. అమ్మమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

“ఎక్కడికమ్మా?”

“బాత్రూముకి.”

“పిల్లనివ్వు మరి.”

అమ్మమ్మ అప్పటికే జనంలో కలిసిపోయింది.

మోత లేని వైపుకి నడిచింది. రైలుబండి దాటి, కార్లు దాటి, పంపుల షెడ్డు వెనక్కి తిరిగింది. ఎత్తైన గోడ, గోడవార చల్లటి నీడ, గాలి. ముగ్గురు ఊడ్చే ఆడవాళ్లు అన్నం డబ్బాలు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ, నీళ్ల సీసాలావిడ, పిల్ల మొహం చూసిందో లేదో లేచి చాప పరిచింది. తువ్వాలు తడిపి తెచ్చి నుదుటి మీద వేసింది. ఇద్దరూ కలిసి చెంచాతో గుక్కెడు గుక్కెడు నీళ్లు పట్టారు. చిట్టి కళ్లు మూసుకునే తాగి, పక్కకి ఒత్తిగిలి పడుకుంది.

“ఇక్కడ పడుకోబెట్టకూడదని ఏమన్నా ఉందా అమ్మాయ్?”

“ఇక్కడ మేమున్నామనే వాళ్లకి తెలీదు పెద్దమ్మా. రూలెట్టా పెడతారు?”

పది నిమిషాలకు ఒక నాయనమ్మ మనవణ్ణి ఎత్తుకుని అటు తొంగిచూసింది. అమ్మమ్మ జరిగి చోటిచ్చింది. తర్వాత ఒక తాతగారు కవలలతో వచ్చారు. ఇంకొక మేనత్త. వరుసలోంచి ‘బాత్రూముకి’ బయల్దేరిన పెద్దవాళ్లందరూ ఒకరి వెనక ఒకరు అక్కడే తేలారు. ఒకటీ యాభైకి గోడవార పదకొండు మంది పిల్లలు వరసగా, చేతులొకచోట కాళ్లొకచోట పడేసి నిద్రపోతున్నారు. చిట్టి నుదుటి మీద చెమట పట్టింది. అమ్మమ్మ చేత్తో తుడిచి చూసింది. ఒళ్లు చల్లబడుతోంది.

“ఇంకొక్క గంట పడుకుంటే చాలు,” అంది. “లేచి అన్నమడుగుతుంది.”

ఈలోగా మైకులో ప్రకటన వచ్చింది. పదకొండు టోకెన్లకు సంబంధించిన పిల్లలు నిద్రవేళలో కనబడుట లేదనీ, ఎవరైనా పడుకుని కనబడితే వెంటనే లేపి సమాచారం అందించవలెననీ. రెండూ పదికి జనరల్ మేనేజరు, తనిఖీ అధికారి, ఫొటోగ్రాఫరు, వాళ్ల వెనక తల్లిదండ్రుల దండు పంపుల షెడ్డు మలుపు తిరిగారు.

తిరిగి, ఆగిపోయారు.

తనిఖీ అధికారి అలవాటుగా వంగి పదకొండు మందినీ “నిద్రపోతున్నావా?” అని అడిగాడు. ఒక్కరూ పలకలేదు. పదకొండు సార్లు ‘సహకరించలేదు’ అని రాసుకున్నాడు. ఊడ్చే ఆవిడ చీపురు గట్టిగా పట్టుకుంది. ఉద్యోగం పోయినట్టేననుకుంది.

జనరల్ మేనేజరు పిల్లల వంక చాలాసేపు చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

“అద్భుతం!” అన్నారు. “మన ప్రణాళిక ఇంత తొందరగా ఫలిస్తుందనుకోలేదు. బ్యాండువాళ్లని పిలవండి. రిబ్బను తెప్పించండి. మందిరం రెండో శాఖ ఇప్పుడే ప్రారంభిద్దాం.”

అమ్మమ్మ పెదవుల మీద వేలుంచి బతిమాలింది. “బాబూ, మీకు పుణ్యముంటుంది. నలభై నిమిషాలాగండి. పిల్లకి ఇప్పుడిప్పుడే ఒళ్లు చల్లబడింది.”

“అయ్యో, పెద్దవారు మీరు చెప్పాలా!” అన్నారాయన గుసగుసగా, చేతులు జోడించి. “ఐదే ఐదు నిమిషాలమ్మా. మైకు కూడా చిన్నదే పెట్టిస్తాను.”

బ్యాండు మోగింది. ఏనుగు గెంతుకుంటూ వచ్చింది. “పసిపిల్లల ప్రశాంతతే మా ప్రాణం!” అని జనరల్ మేనేజరు మైకులో మొదలుపెట్టేసరికి పదకొండు మంది పిల్లలూ ఒక్కసారి ఉలిక్కిపడి లేచి, ఆరున్నొక్క రాగం అందుకున్నారు. బ్యాండు మోతలో అది కలిసిపోయి నిండుగా వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. చిట్టి తండ్రి కాగితంలో నీలం గడి మీద ఆకుపచ్చ రంగు పూసి, టైము చూసుకుని, “పద పద, నీళ్ల జారుడుబల్లకి ఆలస్యమైంది,” అన్నారు.

అమ్మమ్మ ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని గేటు వైపు నడిచింది. గేటు మనిషి స్టాంపు చూపించాడు. “చేతి మీద ముద్ర వేయించుకోండి పెద్దమ్మా. లేకపోతే మళ్లీ లోపలికి రానివ్వరు.”

“నీ నోటి చలవ నాయనా,” అని ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

గోడవార నీడకు ఇప్పుడు చుట్టూ కంచె ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, కౌంటరు, నాలుగు స్పీకర్లు వచ్చాయి. ఊడ్చే ఆడవాళ్లు ఎండలో కూర్చుని అన్నం తింటున్నారు. గేటు దగ్గర నిలువెత్తు బోర్డు మీద అమ్మమ్మ పెదవులపై వేలుంచుకున్న ఫొటో, దాని కింద ‘నిద్ర సుఖమెరుగదు’ అన్న అక్షరాలు దూరం నుంచే కనబడతాయి. ఆ రోజు వచ్చిన తల్లిదండ్రులు అందరూ ఐదుకి ఐదు నక్షత్రాలు ఇచ్చారు. చిట్టి తండ్రి నక్షత్రాలతో పాటు నాలుగు రంగుల్లో ఒక అభినందన కూడా పంపారు.

ఇదంతా ఓపికగా చదివి, ఇంతకీ ఆ రెండో శాఖకు టోకెన్లు ఎక్కడిస్తారని అడుగుతున్న పాఠకులకు మనవి. ఈ సీజనుకు అన్నీ అయిపోయాయి. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోవచ్చు. మీ వంతు వచ్చేదాకా పిల్లలు ఇంట్లో నిద్రపోకుండా చూసుకోండి.