పెరుగన్నం సంచికి ఒక కమిటీ

మనిషి చంద్రుడి మీదికి యంత్రాలను పంపాడు, సముద్రం అడుగున తీగలు పరిచాడు. కానీ పెరుగన్నం బాక్సును సైకిలు మీద రెండు కిలోమీటర్లు ఏ సంచిలో తీసుకుపోవాలన్న ప్రశ్నను మాత్రం ఇన్నాళ్లూ గాలికి వదిలేశాడు. ఆ లోటు పూడ్చిన ఘనత తిరుపతిలోని ప్రాంతీయ పౌర సౌకర్యాల సమన్వయ సంస్థకు దక్కింది. (ఆ సంస్థ ఏ సౌకర్యాలను దేనితో సమన్వయం చేస్తుందని అడగకండి. అడిగినవాళ్లను వివరాల కోసం మళ్లీ ఆ సంస్థకే పంపుతారు.)

ఈ ప్రశ్న పుట్టడానికి కారణం ఏకాంబరం. వడమాలపేట పక్క పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, ఆ సంస్థలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, జూనియర్‌గానే తల నెరిపించుకున్న మనిషి. ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ల నాయన వేరుశనక్కాయలమ్మి కొనిచ్చిన నల్ల సైకిలు మీదే కొర్లగుంట నుంచి ఆఫీసుకు వస్తాడు. సంస్థ మొత్తానికీ సైకిలు మీద వచ్చేది అతనొక్కడే.

ఇంట్లో రాఘవమ్మ చెప్పినట్టు వింటాడు. ఆఫీసులో ఎవరు చెప్పినా వింటాడు. మధ్యలో సైకిలు మీద ఉన్న ఆ కాసేపే అతని మాట చెల్లే సమయం. అడ్డం ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టేవాడు. కొండ ఎదురుగా కనిపించే మలుపు దగ్గర తొక్కడం ఆపేసి సైకిలును దాని మానాన పోనిచ్చేవాడు. ఆ మలుపు కోసమే అతను ఆఫీసుకు వచ్చేవాడని చెప్పినా అబద్ధం కాదు.

ఇక సంచి. పెళ్లికి వచ్చినవాళ్లకు కొబ్బరికాయ, ఆకువక్క పెట్టి ఇచ్చే తాంబూలం సంచుల గుత్తి ఒకటి ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా వంటగది తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఏకాంబరం ఆ గుత్తిలోంచి ఏరుకున్నది తమ జాయింట్ డైరెక్టర్ శఠగోపం గారి కూతురు పెళ్లిలో ఇచ్చిన పసుపు సంచి. శఠగోపం గారు ఆ పెళ్లికి దేనికీ వెనకాడలేదు. సంచికి కూడా మందపాటి గుడ్డ, రెండేసి కుట్లతో కాడలు వేయించారు. బాక్సు నిలబెడితే అతికినట్టు సరిపోయేది. సంచికి బరువుందని చెప్పడానికి దాన్ని తడపాల్సి వచ్చేది. ముందువైపు ఎర్రటి అక్షరాలతో ‘హంసిని – హృషీకేశ్’ అని అచ్చు.

గుడ్డ నిలిచింది. పెళ్లి నిలవలేదు. ఏడాది తిరగకముందే హంసిని పుట్టింటికి వచ్చేసింది, ఆపైన కోర్టులో విడాకులూ అయ్యాయి. ఈ సంగతి ఆఫీసులో ఏకాంబరానికి తప్ప అందరికీ తెలుసు. ఎందుకంటే అక్కడ కబుర్లన్నీ స్కూటర్ల స్టాండులో చెప్పుకుంటారు. సైకిళ్ల స్టాండులో ఉండేది అతనొక్కడే, తనకు తాను ఏం చెప్పుకుంటాడు?

ఆ సైకిళ్ల స్టాండు సరిగ్గా శఠగోపం గారి కిటికీ కింద ఉంది. ఏకాంబరం బాక్సు తీసుకుని, గాలికి ఆరుతుందని సంచిని హ్యాండిల్‌కే వదిలేసి పైకి వచ్చేవాడు. శఠగోపం గారు కిటికీ తెరిస్తే చాలు, కోర్టు విడదీసిన దంపతులు హ్యాండిల్‌కు జంటగా ఊగుతూ కనిపించేవారు.

పిలిచి ‘ఆ సంచి వద్దయ్యా’ అంటే పోయేది. కానీ అంటే అతను ఎందుకని అడుగుతాడు. అడగకపోయినా అడిగినట్టు చూస్తాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడికి సిగ్గేస్తే నోటితో చెప్పుకోకూడదు, సర్క్యులర్ వేయాలి. వేశారు. ఆవరణలోకి తెచ్చే సంచులు శుభ్రంగా, చూడముచ్చటగా, సంస్థ గౌరవం నిలిపే విధంగా ఉండాలన్నది దాని సారాంశం.

ఏకాంబరం సర్క్యులర్లను నమ్మే మనిషి. సంచిని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించాడు. అక్షరాలు వెలిసిపోయాయి కదా, అధికారి కూతురి పేరు అలా మాసిపోయి కనబడితే మర్యాద కాదని పాలిటెక్నిక్ చదివే కూతురు ధరణికి ఇచ్చాడు. ఆ పిల్ల చెరగని మార్కరుతో రెండు పేర్లనూ దిట్టంగా దిద్ది, కింద ఖాళీగా ఉందని ముక్కులు కలిపిన హంసల జంటను కూడా గీసింది. మర్నాడు ఏకాంబరం సంచిని తీసుకుని నేరుగా అధికారి గదిలోకి పోయాడు.

“సార్, మన పాప పెండ్లి సంచి సార్. కొత్తదాని మాదిరి ఉండాది సూడండి.”

శఠగోపం గారు సంచిని చూశారు. తర్వాత ఏకాంబరం మొహంలో వెటకారం కోసం వెతికారు. అక్కడ గౌరవం తప్ప ఇంకేమీ దొరకలేదు. వెటకారమే అయితే ఒక మెమోతో పోయేది. గౌరవానికి మెమో ఇచ్చే నిబంధన లేదు. అందుకని ఆ మధ్యాహ్నమే ‘హ్రస్వదూర ద్విచక్ర ప్రయాణ లఘు సంచి ప్రమాణాల నిర్ధారణ కమిటీ’ ఏర్పాటైంది.

కమిటీకి అధ్యక్షుడు ఇంజనీరు గిరిప్రసాద్, కారులో తిరిగే మనిషి. సభ్యుల్లో ఒకరికి బుల్లెట్టు ఉంది, ఒకరు ఆటోలో వస్తారు, ఇంకొకరు రారు. ఏకాంబరాన్ని కూడా వేసుకుందామని ఎవరో అన్నారు గానీ, సైకిలు తొక్కేవాడు సభ్యుడైతే కమిటీ నిష్పాక్షికతకు భంగమని గిరిప్రసాద్ తోసిపుచ్చాడు. ఏకాంబరానికి అది కూడా సబబుగానే తోచింది. ఇన్నాళ్లకు సైకిలును గుర్తించారని సంబరపడి ఇంట్లో చెప్పాడు. రాఘవమ్మ సంగటి కెలుకుతూ వింది.

“ఒక సంచి గురించి అంతమంది ఆలోచన చేస్తా ఉండారంటే, ఆ సంచి పోయినట్టే,” అంది.

కమిటీ ముందుగా మాటలకు అర్థాలు తేల్చింది. తక్కువ దూరం అంటే ప్రయాణ భత్యం అడగడానికి వీల్లేని దూరం. తేలిక అంటే ఇద్దరు మోయగలిగినది. చిన్నది అంటే ఏమిటన్న దానిమీద ఏకాభిప్రాయం కుదరక, పెద్దది కానిదని రాసుకున్నారు. పెద్దదంటే ఏమిటో తేల్చడానికి ఉపసంఘం వేశారు. సైకిలు వాడకం మీద క్షేత్ర అధ్యయనానికి కుటుంబాలతో సహా ఊటీ పోయి వచ్చారు. (అక్కడ ఎటు చూసినా ఎత్తే కాబట్టి ఎవరూ సైకిలు తొక్కరు. ఎందుకు తొక్కరో తెలుసుకోవడం కూడా అధ్యయనంలో భాగమే.)

నమూనా సంచిని ఏర్పేడు రోడ్డు మీద పరీక్షించారు. గిరిప్రసాద్ కారు వెనక సీట్లో పెట్టి, ఏసీ వేసుకుని, పోయి వచ్చారు. పెరుగన్నం ఒలుకుతుందని దాని స్థానంలో ఫైళ్లు పెట్టారు. ఒక్క ఫైలు కూడా ఒలకలేదు. సంచి నెగ్గింది.

ప్రమాణాల పుస్తకం అచ్చయి వచ్చింది. మిగతా నియమాల సంగతి ఎలా ఉన్నా, మొదటిది శఠగోపం గారు స్వయంగా చెప్పి రాయించారు. సంచి మీద వ్యక్తుల పేర్లు, ముఖ్యంగా ఒకటికి మించి పేర్లు ఉండరాదు. (రెండు పేర్లను కలిపే గీత ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండరాదు.) సంస్థ ఇచ్చిన సంచి లేని సైకిలుకు స్టాండులో ప్రవేశం లేదు. సైకిలు ఉన్నా లేకపోయినా సంచి మాత్రం రోజూ హాజరు కావాలి, వాచ్‌మన్ దాని ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి.

ఏకాంబరానికి ఇచ్చిన లఘు సంచికి ఇనుప చట్రం ఉంది, మెరిసే పట్టీలు ఉన్నాయి, వాన తొడుగు ఉంది, ల్యాప్‌టాప్ అర ఉంది, ఆపదలో ఊదడానికి ఒక విజిల్ ఉంది. బాక్సు పెట్టడానికి చోటు లేదు. పక్కకు పడుకోబెడితే పడుతుంది, అప్పుడు పెరుగు చట్రం వెంట దారి చూసుకుని ప్యాంటు మీదికి దిగుతుంది. వాళ్ల నాయన కొనిచ్చిన సైకిలు ఆ బరువుకు ఒక పక్కకు లాగేసేది. ఎటు పోవాలో హ్యాండిలే నిర్ణయించుకునేది. అయినా ఏకాంబరం పట్టు విడవలేదు. సంస్థ మనకోసం చేయించింది కదా అని పళ్లు బిగించి తొక్కాడు.

కొండ కనిపించే మలుపులోనే పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. పెరుగన్నం రోడ్డు పాలైంది, దాని మీదుగా బస్సు పోయింది. లేవదీసినవాళ్లు ముందుగా సంచిని పట్టి చూసి, ఇందులో ఏం పెట్టినావప్పా అని అడిగారు. ఏమీ లేదని చెబితే నమ్మలేదు.

ఇక సైకిలు ముట్టుకోవద్దని రాఘవమ్మ తీర్పు చెప్పింది. అప్పటినుంచి ఏకాంబరం సైకిలు సంచిని ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో ఆఫీసుకు రావడం మొదలుపెట్టాడు. ఆటో ఆ మలుపు దాటుతుంటే పక్కవాడి భుజం తప్ప ఏమీ కనిపించదు. ఇంటిముందు సైకిలు ఎండకు ఎండి, వానకు తడిసి, టైర్లు పగుళ్లు బారాయి. ఒక ఆదివారం పాత ఇనుమువాడు వీధిలోకి వస్తే ఇచ్చేశాడు. బెల్లు మాత్రం విప్పి దాచుకున్నాడు. ఇనుమువాడి బండి మీద సైకిలు వీధి దాటి పోతుంటే ఏడుపొచ్చింది. కంట్లో దుమ్ము పడిందని ధరణికి చెప్పాడు.

సంస్థ వార్షిక నివేదికలో, లఘు సంచి వచ్చాక ఉద్యోగుల సైకిలు ప్రమాదాలు పూర్తిగా ఆగిపోయాయని రాశారు. గిరిప్రసాద్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఖాళీ అయిన సైకిళ్ల స్టాండు నీడలో శఠగోపం గారి కారు నిలపడం మొదలైంది.

అటెండరు తిరుమలయ్య ఒకరోజు బాక్సు పక్కన బాక్సు పెట్టుకుని తింటూ, పాపం ఆ పాప సంసారం అట్లయిపోబట్టి గదా నీ సంచికి ఇంత చేటు వచ్చిందని అన్నాడు. ఏకాంబరం ముద్ద అలాగే పట్టుకుని మొత్తం చెప్పించుకున్నాడు. హంసలు గుర్తొచ్చాయి. ముందు సిగ్గేసింది. తర్వాత సైకిలు గుర్తొచ్చింది, అప్పుడు కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అధికారి మీద కోపం రావడం అదే మొదలు. చేయి కడుక్కుని ఆ గదిలోకి పోయాడు.

“ఒక్క మాట నోటితో చెప్పింటే సరిపోయేది గద సార్. ఇంటికాడ మేకుకు ఇంకా బోలెడు సంచులు ఉండాయి.”

“ఏ సంచి?” అన్నారు శఠగోపం గారు, ఫైలులోంచి తల ఎత్తకుండా. లఘు సంచి విషయంలో సలహాలుంటే యాప్‌లో పెట్టమన్నారు.

కొన్నాళ్లకు హంసినికి మళ్లీ పెళ్లి కుదిరింది. ఆఫీసంతా పోయింది, ఏకాంబరమూ రాఘవమ్మతో పోయాడు. అక్షింతలు వేసి దిగిపోతుంటే పెళ్లికూతురే అతన్ని పిలిచి ఆపింది.

“ఆ పసుపు సంచి ఇంకా ఉందా అంకుల్? నాయన కోసం ఆఫీసుకు వచ్చి స్టాండులో చూసినప్పుడల్లా నవ్వుకొనేదాన్ని. ఆ పెండ్లిలో మా నాయన గట్టిగా చేయించింది అదొకటే.”

ఉండాదమ్మా, మేకుకు ఉండాది అన్నాడు ఏకాంబరం. ఆ పిల్ల నిజంగానే నవ్వింది. ఆ సంచిని చూసి కుంగిపోయినవాడు భూమ్మీద ఒక్కడేనని, ఆ ఒక్కడి కోసమే ఊటీ దాకా పోయి వచ్చారని అప్పుడు అతనికి అర్థమైంది.

ద్వారం దగ్గర తాంబూలం ఇచ్చారు. చిన్న తెల్ల సంచి, దూదిలా తేలిక, గట్టి కాడలు. ఏకాంబరం చేయి దానంతటదే జానతో లోతు కొలిచింది. బాక్సు నిలువునా పడుతుంది. ముందువైపు చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. ఎక్కడా పేర్లు లేవు. (ముందుజాగ్రత్త.)

సాగనంపడానికి నిలబడి ఉన్న శఠగోపం గారు ఆ కొలవడం చూశారు. పక్కకు వచ్చి గొంతు తగ్గించి, “ఏకాంబరం, దీన్ని మాత్రం ఆఫీసుకు తేవద్దయ్యా,” అన్నారు.

“తేను సార్,” అన్నాడు ఏకాంబరం. “తగిలించేదానికి సైకిలు లేదు గద.”

ఆ ఒక్క ముక్క నోటితో చెప్పడానికి శఠగోపం గారికి ఒక కమిటీ, ఒక ఊటీ, ఒక సైకిలు ఖర్చయ్యాయి. వాటిలో ఏదీ ఆయనది కాదు.