మాస్టరు నోట్లో గుండుసూదులు

ఆ రోజు మాస్టరు అనుకున్నది చాలా చిన్న విషయం. పొద్దున్నే కొట్టు తెరవాలి, ఐదు కోటులకు చేతులు కత్తిరించాలి, నాలుగింటికి హోటలు మేనేజరు తన సిబ్బందితో వచ్చేసరికి ఐదూ హ్యాంగర్లకు వేలాడుతూ ఉండాలి. హోటలు మర్నాడే తెరుస్తున్నారు. ఈ ఐదూ నచ్చితే మిగతా సిబ్బంది బట్టలన్నీ ఈ కొట్టుకే వస్తాయి. నచ్చకపోతే వీధి చివర కొత్తగా వెలిసిన గాజు తలుపుల దుకాణానికి పోతాయి. అప్పుడు మాస్టరు ప్యాంట్ల అంచులు మడుచుకుంటూ బతకాల్సిందే.

గడ్డం గీసుకుంటూ అద్దంలోని మనిషికి ఆ సంగతే చెబుతున్నాడు. "చేతులు ముందు, గుండీలు తర్వాత. తలుపు దగ్గర నిలబడే పొడుగాయనకి ఓ అంగుళం ఎక్కువే వదులు. ఆ పొట్టి సర్వరుకి మాత్రం బాగా తగ్గించు. ఏరా, వింటున్నావా? ఇవాళ తేడా వచ్చిందో, నీ పని అయిపోయినట్టే."

"ఎవరితో నాన్నా?" అని గుమ్మంలోంచి వినిపించింది.

కూతురు కాలేజీలో మనస్తత్వశాస్త్రం మొదలుపెట్టి నెల కాలేదు. అప్పుడే ఇంట్లోవాళ్ళకీ చుట్టాలకీ తలా ఒక జబ్బు పంచిపెట్టింది. తండ్రికే ఇంతవరకూ ఏదీ కుదరలేదు.

"ఎవరితోనూ కాదమ్మా. ఊరికే."

"రోజూ ఇలాగే మాట్లాడతావా?"

"ఏమో. నేనెప్పుడు విన్నాను?"

"నిన్ననే మా మేడమ్ చెప్పింది నాన్నా. మనిషి తనలో తాను పైకి మాట్లాడుకుంటుంటే తేలిగ్గా తీసుకోకూడదట."

"అంటే?"

"అంతలో బెల్లు కొట్టేశారు. మిగతాది రేపు చెబుతానంది."

వంటింట్లోంచి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తనలో తాను మాట్లాడుకోవడమేంటే? ఆయన నాతో మాట్లాడుతున్నారు. పెళ్ళయినప్పట్నుంచీ నేను ఊఁ కొడుతూనే ఉన్నాను."

"నీతో కాదే," అన్నాడు మాస్టరు. అబద్ధం ఆడటానికి కూడా ఆ క్షణాన బుర్ర పనిచేయలేదు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరికి ఊఁ కొట్టినట్టు?"

మాస్టరుకి భయం పట్టుకుంది. భార్య ముఖం చూసి కొంత, పెదనాన్న గుర్తొచ్చి ఎక్కువ. ఆయనా దర్జీయే. మొదట్లో కొలతలే గొణుక్కునేవాడు. పోను పోను బట్టలతో మాట్లాడాడు. చివరికి గోడ గడియారంతో వాదన పెట్టుకుని, అది ఆగిపోయిన రోజున నేనే గెలిచానని అందరికీ చెప్పుకున్నాడు. ఇలాంటివి వంశంలో వస్తాయని మాస్టరు ఎక్కడో విన్నాడు. నురుగు కడుక్కుంటూనే ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళంతా నోటికి తాళం.

ఆ తాళం వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. "మాట్లాడకూడదు, మాట్లాడకూడదు," అని పైకే అనుకుంటూ నడుస్తున్నాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళలో ఒక కుర్రాడు చేతులూపుతూ గాలితో పోట్లాడుతున్నాడు, కానీ వాడి చెవిలో తీగ ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోవడం లేదు. మాస్టరుకి ఉపాయం తట్టింది. గబగబా ఫోను తీసి చెవికి ఆనించి, "ఆఁ, చెప్పండి, చేతులు రెడీ అవుతున్నాయి," అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆ ఫోను చెవిలో గణగణమని మోగింది. బస్సు జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

భార్య ఫోను. "జాగ్రత్తగా చేరారా? మీలో మీరు ఏమీ మాట్లాడుకోవడం లేదు కదా?"

"లేదు," అన్నాడు మాస్టరు.

కొట్టులోకి వస్తూనే డబ్బాలోంచి గుండుసూదులు తీసి పెదాల మధ్య బిగించాడు. దర్జీ నోట్లో రెండు మూడు సూదులు ఉండటం వింతేమీ కాదు. ఇవాళ వరసగా మీసంలా ఉన్నాయి. ఇక ప్రాణం మీదికొస్తే తప్ప మాట పెగలదు.

ఆ కొట్టు ఎలా నడుస్తుందో ఇక్కడ చెప్పుకోవాలి. మాస్టరు ముందు బల్ల దగ్గర కత్తిరిస్తాడు. వెనక మెషీను మీద బాబాయి కుడతాడు. ఆయన వయసులో మాస్టరు కంటే పెద్దవాడు, అందుకే అందరికీ బాబాయే. మూలన కూర్చుని కాజాలు కుట్టి గుండీలు పెట్టేది కాజాలక్క. ముక్కల మీద మాస్టరు సుద్దతో గీతలు గీస్తాడే గానీ అవి ఎవరివో రాయడు. వెనక్కి అందిస్తూ, "ఇవి పొడుగాయనవి, భుజం దగ్గర కుచ్చు రాకూడదు," అని గొణుక్కుంటాడు. తన మాట తనకే వినబడుతోందని ఆయన నమ్మకం. తమకే చెబుతున్నాడని వాళ్ళ నమ్మకం. ఇన్నేళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు, ఒక్క కోటూ తేడా రాలేదు.

ఇవాళ ముక్కలు వచ్చాయి, మాట రాలేదు.

మొదటి జత చేతులు ఒళ్ళో పెట్టుకుని బాబాయి కాసేపు ఎదురుచూశాడు. మాస్టరు వీపు తప్ప ఏమీ కనబడలేదు.

"ఏమైంది అమ్మాయ్?" అన్నాడు కాజాలక్కతో గుసగుసగా.

"నామీద కోపం వచ్చిందేమో. నిన్న ఒక గుండీ వదులుగా పెట్టాను."

"నీమీద కాదులే. నా సంగతే." అన్నాడు బాబాయి. తనను పనిలోంచి తీసేస్తారన్న భయం ఆయనకు కొత్తది కాదు, ఏడాదిగా దాంతోనే నెట్టుకొస్తున్నాడు. ఇవాళ్టి మౌనం చూశాక ఇక సందేహం లేకపోయింది. చెప్పలేక చెప్పలేక మాస్టారు అలా ఉన్నారనుకున్నాడు. అడిగితే ఆ మాట ఇప్పుడే బయటికొస్తుంది. అడక్కపోతే సాయంత్రం దాకా ఉద్యోగం ఉంటుంది. కాబట్టి అడగలేదు. ఏ చేతులు ముందొస్తే అవి, ఏ కోటు ముందుంటే దానికి వేసుకుంటూ పోయాడు. ఇంత పెద్ద కోటుకి ఇంత పొట్టి చేతులేమిటని ఒకసారి అనిపించింది. ఇప్పటి ఫ్యాషనేమోలే, ఆఖరి రోజున మనకెందుకు అని సరిపెట్టుకున్నాడు.

మాస్టరు వెనక్కి తిరిగి చూస్తే ఈ అనర్థం అక్కడే ఆగేది. కానీ వాళ్ళ ముఖాలు చూస్తే ఏదో ఒకటి అనాలనిపిస్తుందని ఆయన తిరగలేదు. తన భయం తనది. ఇంత మౌనంలోనూ లోపల మాటలు ఆగకుండా వినబడుతున్నాయి, ఇది ఇంకా ముదిరిన లక్షణమేమో అనుకుంటూ కత్తెర ఆడిస్తున్నాడు.

మధ్యాహ్నం భార్య మళ్ళీ ఫోను చేసింది.

"తిన్నారా?"

"ఊఁ."

"ఒంట్లో బాగానే ఉందా?"

"ఊహూఁ... ఊఁ," అన్నాడు మాస్టరు. మధ్యలో ఒక సూది నాలుకకు గుచ్చుకుంది.

"అదేంటండీ అలా అంటున్నారు? మాట్లాడండి!"

"ఊఁ ఊఁ!"

"అమ్మాయ్!" అని అవతల కేక వినిపించింది. "మీ నాన్నకి మాట పడిపోయిందే!"

నాలుగింటికి మేనేజరు సిబ్బందితో వచ్చాడు. తలుపు దగ్గర నిలబడే పొడుగాయన కోటు తొడుక్కున్నాడు. చేతులు మోచేతి కిందే ఆగిపోయాయి. పక్కన పొట్టి సర్వరు కోటులో చేతుల చివర్లు ఖాళీగా ఊగుతున్నాయి.

"ఇతను కాఫీ ట్రే పట్టుకోవాలి మాస్టారూ," అన్నాడు మేనేజరు. "వేళ్ళెక్కడున్నాయి?"

మాస్టరు ఏదో చెప్పబోయాడు. నోరు తెరవబోతే సూదులు. అంతలో భార్య, కూతురు రొప్పుతూ లోపలికొచ్చిపడ్డారు.

"ఏమండీ! నేనెవరో చెప్పండి! నన్ను గుర్తుపట్టారా?"

"నాన్నా, నాలుక బయటికి పెట్టు!"

"ఏమిటిది? ఈయనకి ఆరోగ్యం బాగాలేదా?" అన్నాడు మేనేజరు, అడుగు గుమ్మం వైపు వేస్తూ. గాజు తలుపుల దుకాణం అక్కణ్ణుంచి చక్కగా కనబడుతుంది.

అప్పుడు బాబాయి మెషీను దగ్గర్నుంచి లేచాడు. "ఆయన్నేమీ అనకండి సార్. తప్పు నాది. చేతులు నేనే తారుమారు చేశాను. మాస్టారూ, మీరు నోరు తెరిచి చెప్పక్కర్లేదు. రేపట్నుంచి నేను రాను."

మాస్టరు సూదులన్నీ బల్లమీదికి ఊసేశాడు. "రాకపోవడమేంటి బాబాయ్? నిన్ను రావద్దని ఎవరన్నారు?"

"మీరే."

"నేనా? ఎప్పుడు?"

"ఎప్పుడేంటి మాస్టారూ, కత్తెర పట్టుకున్నప్పుడల్లా. బాబాయికి చూపు ఆనడంలేదు, కొత్తవాణ్ణి చూసుకోవాలి అంటారుగా. ఇవాళ పొద్దున్నుంచి అదీ అనలేదు. అంటే ఎవరో దొరికేశారని అర్థమైంది."

మాస్టరు బాబాయి వైపు, కాజాలక్క వైపు మార్చి మార్చి చూశాడు.

"అవి... అవన్నీ మీకు వినబడతాయా?" అన్నాడు మాస్టరు నెమ్మదిగా.

"వినబడకపోతే పనెలా జరుగుతుంది?" అంది కాజాలక్క. "ఎవరి కోటు ఎవరిదో అలాగే కదా తెలిసేది. ఇవాళ మీరు మూగనోము పట్టారు, మేం గుడ్డిగా కుట్టాం."

"ఇంకేమేం వినబడతాయి?" అని భార్య ఆసక్తిగా ముందుకు జరిగింది.

"అమ్మగారూ, రోజూ అన్నం డబ్బా తెరిచినప్పుడు అనేవి తప్ప..."

"అక్కా!" అన్నాడు మాస్టరు.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. మర్నాడే ప్రారంభం కావడంతో ఆయనకు తిట్టడానికి కూడా తీరిక లేదు, ఇంకో దుకాణానికి కొలతలిచ్చే వ్యవధి అసలే లేదు. "ఏడింటికి మనిషిని పంపిస్తాను. వేళ్ళు కనబడాలి," అని సిబ్బందిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

చేతులన్నీ విప్పి బల్లమీద పోశారు. బాబాయి సూదిలో దారం ఎక్కించి కూర్చున్నాడు. కాజాలక్క చెవులు రిక్కించింది. భార్య, కూతురు గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టారు. మాస్టరు గొంతు సవరించుకున్నాడు. ఇంతమంది వింటుంటే తనలో తాను మాట్లాడుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మొదటి మాట వార్తలు చదివినట్టు వచ్చింది. రెండోది నత్తిగా వచ్చింది. మూడో జత అంచుల దారాలకి కత్తెర తగలగానే అన్నీ మరిచిపోయాడు. "ఇవి పొడుగాయనవి, కుచ్చు రాకూడదు. ఏరా, పొద్దున్నే ఇలా మొత్తుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు. వెనక మెషీను టకటకమని అందుకుంది. అలవాటు కొద్దీ భార్య ఊఁ కొట్టింది.

ఏడింటికి ఐదు కోటులూ సంచుల్లో వెళ్ళాయి. అరగంటలో మేనేజరు నుంచి ఫోను వచ్చింది. వేళ్ళు కనబడ్డాయట, మిగతావాళ్ళ కొలతలకు ఎల్లుండి రమ్మన్నాడు.

ఇక ఒక్క పని మిగిలింది. బాబాయి ముఖం చూసి ఆ మాట చెప్పడానికి మాస్టరుకి సిగ్గేసింది. అంత కష్టపెట్టాక క్షమించమనడం ఆయనకు చేతకాదు. అందుకని ఎప్పటిలాగే వీపు తిప్పి, బల్ల తుడుస్తూ గొణుక్కున్నాడు. "బాబాయి లేకపోతే ఈ కొట్టు ఒక్కరోజు నడవదు. రేపే తీసుకెళ్ళి మంచి కళ్ళద్దాలు పెట్టించాలి. ఇంకో ఐదేళ్ళయినా కుట్టాలి ఆయన."

మెషీను ఆగింది.

"పదేళ్ళు కుడతాడు," అంది ఒక గొంతు, మెషీనుతో చెబుతున్నట్టు.

మూలనుంచి ఇంకో గొంతు, గుండీతో చెబుతున్నట్టు, "అలాగే ఈ జీతంతో పదేళ్ళంటే కష్టమే మరి," అంది.

మనిషి తనలో తాను మాట్లాడుకోవడం జబ్బేమీ కాదని మాస్టరుకి ఆ సాయంత్రం అర్థమైంది. జవాబులు రావడం మొదలైతేనే ఖర్చు.