ఉప్పు జున్ను

ఉదయం పదకొండున్నరకు కారేపల్లి దగ్గర నూలు మిల్లు కాలనీలో, దుర్గ ఇంట్లో గేదె ఈనిందని తెలిసింది. ఆ ఇంట్లో గేదె లేదు.

దుర్గ భర్త శివకు చాన్నాళ్లు ఎదురుచూశాక మిల్లు క్వార్టర్ దొరికింది. సాయంత్రం విందు. రొట్టె ముక్కలు ముంచుకుని తినే వేడి చీజు డిప్ చేయాలని దుర్గ అనుకుంది. చీజు, క్రీము, వెల్లుల్లి, ఉప్పు కలిపి, పైన మిరియాల పొడి చల్లి, ఇసుక పోసిన కుక్కర్‌లో గిన్నె పెట్టి బేక్ చేసింది. గిన్నె పొయ్యి పక్కన ఉంచి రొట్టెల కోసం బేకరీకి వెళ్లింది.

అప్పుడే అత్త భీమక్క చర్ల నుంచి వచ్చి దిగింది. నైట్ షిఫ్టు చేసొచ్చిన శివ తలుపు తీసి మళ్లీ పడుకున్నాడు. గిన్నెలో తెల్లగా గడ్డకట్టి, పైన మిరియాలతో ఉన్నది భీమక్క కళ్లకు జున్నే. జున్నును ఇరుగుపొరుగుకు పంచకుండా ఇంటివాళ్లు నోట పెట్టరు. ఆమె గిన్నె పట్టుకుని క్వార్టర్ల లైనంతా తిరిగింది.

"మా కొడుకింట్ల బర్రె ఈనింది. తినుండ్రి."

"బర్రేది పెద్దమ్మా?" అని పక్కింటి షాకేరా అడిగింది.

"మేతకు పోయినట్టుంది బిడ్డా."

షాకేరా చెంచా నోట్లో పెట్టుకుంది. మింగడానికి కొంత సమయం పట్టింది.

"యా అల్లా! ఉప్పగుంది. ఎల్లిపాయ వాసనొస్తాంది."

"బర్రెకు రోగమొచ్చింది," అంది ఎదురింటి నాగలక్ష్మి. "గీ పాలు తాగితే దుడ్డె బతకది. డాక్టర్‌ను పిలువుండ్రి జల్దీ."

పశువుల డాక్టర్ పర్వేజ్ బండి మీద వచ్చాడు. రోగమొచ్చిన గేదె ఉన్న ఇల్లు ఎక్కడని కాలనీ ఆఫీసులో అడిగాడు. క్వార్టర్లలో పశువులను కట్టకూడదని నిబంధన. సూపర్‌వైజర్ వెంకటరామారావు ఆయన వెంటే బయల్దేరాడు.

దుర్గ తిరిగొచ్చేసరికి వాకిలి నిండా జనం.

"ఏందమ్మా, క్వార్టర్ల బర్రెను కట్టినవా? ఇల్లు ఖాళీ చెయ్యాలె," అన్నాడు వెంకటరామారావు.

దుర్గ రొట్టెల సంచి గడప మీద పెట్టింది. "బర్రె ఏంది సార్?"

"లైనంతా జున్ను తిన్నరు. ఇంకా దాస్తవా?"

"అది జున్ను కాదు సార్, చీజు!"

"చీజైతేంది? పాలు లేకుంటే వస్తదా?"

భీమక్క కోడలి చెయ్యి పట్టుకుంది. "బర్రెను చూపెట్టు బిడ్డా. కొడతరా ఏంది?"

వెంకటరామారావు వంటగది చూశాడు. స్నానాల గది చూశాడు. మంచం కిందికి వంగాడు. శివ లేచి కూర్చున్నాడు.

"ఏం పోయింది సార్?"

"బర్రె."

శివ మళ్లీ పడుకోలేదు.

"మా ఒక్క ఇల్లే చూస్తే ఊకోను," అంది దుర్గ. "లైనంతా ఎతుకుండ్రి."

"అవ్, గట్లనే చెయ్యుండ్రి," అంది షాకేరా. ఆ ఉప్పు ఆమె నోట్లోంచి ఇంకా పోలేదు.

అందరూ ఇల్లిల్లూ చూసుకుంటూ నడిచారు. చివరి ఇంటి దగ్గర వెంకటరామారావు ఆగాడు.

"ఇది నా ఇల్లే. పోదాం పాండ్రి."

ఇంటి వెనక గేదె అరిచింది.

పర్వేజ్ అటు వెళ్లి టార్పాలిన్ పక్కకు జరిపాడు. గేదె ఉంది. పక్కన దూడ కూడా ఉంది. రెంటికీ ఏ రోగమూ లేదని ఆయన చెప్పాడు.

"ఎవరిది సార్?" అని దుర్గ అడిగింది.

"దారి తప్పొచ్చినట్టుంది."

"వచ్చి, దానంతటదే మీ కిటికీకి కట్టేసుకుందా?"

ఇల్లు ఖాళీ చెయ్యాలన్న మాట వెంకటరామారావు మళ్లీ ఎత్తలేదు. దుర్గ ఇంకో గిన్నె బేక్ చేసింది. విందు ఆమె క్వార్టర్‌లోనే జరిగింది. అది ముగిసేవరకూ ఆ గేదె ఎవరిదో తేలలేదు.