పదకొండు కిటికీల కొలత

నా కథల్లో ఏనుగులు ఎగిరితే ఎగరవచ్చు గానీ, అంకెలు మాత్రం తప్పవు. చిన్నప్పుడు మా పంతులు లెక్క తప్పితే తొడపాశం పెట్టేవాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకని నేను తొమ్మిది అన్నానంటే తొమ్మిదే, పదకొండు అన్నానంటే పదకొండే. ఈ మాట గుర్తుంచుకుని వినండి.

మా వీధిలో ఒక గడియారాల మేస్త్రి ఉన్నాడు. ఆరడుగుల మీద ఇంకో జానెడు మనిషి. నడుస్తుంటే అటూ ఇటూ ఊగుతాడు. వీధంతా కలిసి ఆయనకు 'లోలకం' అని పేరు పెట్టింది. ఆయన భార్య దర్జీ. ఆయన భుజం దాకా కూడా రాదు. కానీ మెడలో టేపు వేసుకుని ఒక్కసారి పైనుంచి కిందికి చూసిందంటే, ఎంతటివాడైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోవాల్సిందే. ఆవిడ పేరు 'కత్తెరమ్మ'.

లోలకం జీవితంలో ఒకటే ముల్లు. బామ్మర్ది. బస్సు కండక్టరు. ప్రతి ఆదివారం పొద్దున ఇద్దరూ బజారు చివర పూల్ హాలుకు వెళ్ళేవారు. పొడుగాటి కర్రతో తెల్ల బంతిని పొడవాలి, అది వెళ్ళి రంగు బంతులను గుంటల్లోకి తోయాలి. తన బంతులన్నీ పడ్డాక ఆఖరున నల్ల బంతిని పడేసినవాడిది గెలుపు. ఆట అంతే. ఆ అంతలోనే లోలకం వరసగా తొమ్మిది ఆదివారాలు ఓడిపోయాడు.

బంతి పడినప్పుడల్లా బామ్మర్ది "రైట్ రైట్!" అని అరిచేవాడు. ఆట ముగిశాక, "ఆఖరి స్టాపు వచ్చింది బావా, దిగు" అనేవాడు.

"తప్పు నాది కాదురా. ఈ హాలు కర్రలన్నీ వంకరే."

"నేనూ వాటితోనే ఆడుతున్నాగా?"

"నీ ఆటే వంకర. వంకరకి వంకర అతికింది."

అలా ఉండగా ఒకనాడు, రిటైరైన నర్సమ్మగారు గోడగడియారం ఆగిపోయిందని కబురు పెట్టింది. లోలకం ఆవిడ వరండాలో కూర్చుని గడియారం విప్పుతూ తలెత్తాడు. మూలన తోలు పెట్టె తెరిచి ఉంది. అందులో పూల్ కర్ర. రెండు ముక్కలు, మధ్యలో ఇత్తడి మర. పిడి నల్లటి చేవ కర్ర, దాని మీద ముత్యపు చిప్ప తురాయిలు, పట్టుకునే చోట సన్నటి దారం చుట్టు. లోలకం చేతిలో స్క్రూ జారి ఎటు పోయిందో ఇప్పటికీ దొరకలేదు.

"నలభై ఏళ్ళనాటిది బాబూ. కొన్నది కాదు, కొలతలిచ్చి చేయించింది. నా భుజం లేవడం లేదు. ఊరికే పడి ఉండేకంటే ఆడేవాళ్ళ చేతిలో ఉంటే మేలు. కానీ ఇది అందరికీ..."

ఆవిడ మాట పూర్తి కానేలేదు. "నాకిచ్చేయండి! బదులుగా ఏం కావాలో చెప్పండి!" అన్నాడు లోలకం.

"మా పెద్దగదిలోకి ఒకటే ఎండ. పదకొండు కిటికీలు. తెరలు కుట్టించి పెడతావా?"

"కుట్టేసినట్టే అనుకోండి!"

చేతులు ఎవరివి, మాట ఎవరిది!

కర్రను తెచ్చి, ముందుగది దుకాణంలోని నిలువెత్తు గడియారం పెట్టెలో దాచాడు. ఆదివారం తప్ప ఆ తలుపు తీయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తరువాత ముఖం వేలాడేసుకుని లోపలికి వెళ్ళాడు.

"లోకంలో ఎంత దుఃఖం ఉందోనోయ్!"

"ఏం పగలగొట్టారు?" అంది కత్తెరమ్మ, మిషన్ ఆపకుండా.

"పాపం నర్సమ్మగారి కళ్ళల్లో ఎండ పడుతోందట. పదకొండు కిటికీలు, ఒక్కదానికీ తెర లేదు. ఆవిడ ఊరందరికీ సూదులు పొడిచింది. ఆవిడ తెరలకు మనం నాలుగు సూదిపోట్లు పొడవలేమా?"

"మనమా?"

"అంటే... నువ్వు పొడుస్తావు. నేను జాలిపడతాను."

మిషన్ ఆగింది. "ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు జ్వరమొస్తే థర్మామీటరు తిరగేసి పట్టుకున్న మనిషికి, ఇంకొకరి కళ్ళ మీద జాలా? సరే, రేపు వెళ్ళి కొలతలు తీసుకుంటాను."

"నువ్వెందుకు శ్రమ? నేను తెస్తాగా."

"ఒకరు తీసిన కొలతతో నేనింతవరకు జేబు కూడా కత్తిరించలేదు."

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళింది. సాయంత్రం వచ్చాక, "ఎన్ని కిటికీలయ్యాయి?" అన్నాడు.

"ఒకటి."

మర్నాడు రెండోది సగం. ఆ మర్నాడు మొదటిది మళ్ళీ. "పాత ఇల్లు కదండీ, కిటికీలు నిలకడగా లేవు" అంది. ఆవిడకు అనుమానం రాలేదన్న సంబరంలో లోలకం అన్నిటికీ తల ఊపాడు.

రోజూ వెళ్ళేటప్పుడు ఆవిడ చంకలో ఓ గుడ్డ చుట్ట. ఒకనాడు ఆయనకు ప్రేమ పొంగింది. "ఇలా తే, గేటు దాకా నేను మోస్తాను. అబ్బో, ఇంత బరువుందేం?"

"మంచి గుడ్డ. మెల్లగా పట్టుకోండి, వంగితే పాడవుతుంది."

ఆయన పసిబిడ్డను మోసినట్టు మోశాడు. ఆ తరువాత రోజూ మోశాడు.

పదో ఆదివారం కొత్త కర్రతో హాలులో అడుగుపెట్టాడు. అందరూ లేచి చూశారు. మొదటి దెబ్బకే తెల్ల బంతి బల్ల దాటి యజమాని టీ గ్లాసులో పడింది. కర్ర పొట్టిది, మనిషి పొడుగు. మోకాళ్ళు విరిచి, నడుం మడిచి, గడ్డం బల్లకు ఆనించి ఆడాడు. ఓడాడు. పదకొండో ఆదివారమూ అంతే. అయినా వెనక్కి తగ్గలేదు. ప్రాణం పోయినా సరే, ఈ కర్రతో ఒక్కసారి గెలిచి తీరాలి.

"బావా, వచ్చేవారం పందెం. గెలిచినవాళ్ళదే ఈ కర్ర" అన్నాడు బామ్మర్ది, చిప్ప తురాయిలను నిమురుతూ.

"అలాగే కానీరా!"

పన్నెండో ఆదివారం. లోలకానికి ఇంకా నాలుగు బంతులు, ఆపైన నల్లది. బామ్మర్దికి ఒక్క నల్లదే, అదీ గుంట పక్కనే. లోలకం బల్ల మీదికి వంగాడు. టక్‌మంది. బంతి కాదు, నడుం. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"కదలకుండా నిలబడితే లోలకం ఎలా అవుతావు బావా? ఇక కర్ర ఇచ్చేయ్."

"ఆగరా" అంది గుమ్మంలోంచి ఒక గొంతు. కత్తెరమ్మ. మెడలో టేపు, చేతిలో గుడ్డమూట, వెనకాల నర్సమ్మగారు. "మీ బావ ఆట మిగతాది నేనాడతాను."

"అక్కా, ఇది కుట్టుమిషన్ కాదే!"

"తెలుసులే. మిషన్ అయితే నిన్ను పక్కన కూర్చోనిచ్చేదాన్నే కాదు."

కర్ర అందుకుంది. కుట్టించుకున్న చొక్కాలా ఒంటికి అతికింది. కర్ర కొనకు సుద్ద రాసింది, ఒక కన్ను మూసి సూదిలో దారం ఎక్కించే చూపు చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపైన నల్లది, బల్ల అంచును తాకి తిరిగి వచ్చి మరీ పడింది. "రైట్ రైట్!" అన్నది ఈసారి నర్సమ్మగారు.

"ఎలా?" అన్నాడు లోలకం, బల్లతోనే మాట్లాడుతూ.

"ఈ కర్ర నర్సమ్మగారి కొలతకి చేసింది. ఆవిడా నేనూ ఒకటే ఎత్తు. దర్జీ మొగుడై ఉండి, ఎవరి కొలతో అడగాలని తోచలేదా? పెద్దగదిలో పూల్ బల్ల ఉంది. ఎండకి వెలిసిపోతోంది దాని పచ్చగుడ్డ, ఆవిడ కళ్ళు కాదు."

"మరి మూడు వారాలు నువ్వు తీసిన కొలతలు?"

"బంతికీ గుంటకీ మధ్య."

"కర్ర గడియారంలో కదా ఉంది!"

"రోజూ గేటు దాకా మోసింది ఎవరు?"

లోలకం కాసేపు ఆలోచించాడు. ఆ స్థితిలో ఇంకేమీ చేయలేడు మరి. "పోనీలే. నీదైతే నాదైనట్టే కదా?"

"గెలిచినవాళ్ళదేనంటే పందేనికి ఒప్పుకుంది మీరే. తెరలకు మాటిచ్చిందీ మీరే" అంటూ గుడ్డమూట ఆయన వీపు మీద పెట్టింది. వీపు బల్లపరుపుగానే ఉంది, జారలేదు. "కొలతలు తీశాను. కుట్టు మీది."

ఇప్పుడు ఆదివారం పొద్దున పెద్దగదిలో కత్తెరమ్మ ఆడుతుంది, నర్సమ్మగారు తప్పులు పడుతుంది, బామ్మర్ది బంతులు ఏరి పెడతాడు. లోలకం కంటికి భూతద్దం బిగించుకుని తెరల అంచులు కుడతాడు. వంకరగా వచ్చిందని కత్తెరమ్మ విప్పించడం, ఆయన మళ్ళీ కుట్టడం. ఇంకా మొదటి తెర మీదే ఉన్నాడు.

ఇంతా చెప్పి, ఒక్కటి దాచడం న్యాయం కాదు. ఆ గదికి కిటికీలు పదకొండు కాదు, నాలుగే. నాలుగు కిటికీలు కొలవడానికి పెళ్ళానికి మూడు వారాలు పడుతుంటే మొగుడికి అనుమానమే రాలేదంటే మీరు నమ్మరని, మిగతా ఏడూ నేనే కలిపాను.